8×4 ప్లైవుడ్ మీద గోదావరి ఆర్చ్ బ్రిడ్జి: హెచ్‌ఓ తీసుకోవాలా, ఎన్ తీసుకోవాలా?

గోదారిగట్టు, హైదరాబాద్

నమస్కారం అండీ. మాది రాజమండ్రి, ఉద్యోగం వల్ల హైదరాబాద్‌లో ఉంటున్నాం. గోదావరి మీద 1997లో వచ్చిన ఆర్చ్ బ్రిడ్జి మోడల్ చేసి, దాని మీద రైలు నడపాలని నాకూ మా అబ్బాయికీ చాలా కోరిక. వాడికి తొమ్మిదేళ్లు. వార్డ్‌రోబ్ పని చేయించినప్పుడు ఒక 8×4 ప్లైవుడ్ షీటు మిగిలింది. దాన్ని చిన్న గదిలో ఓ మూల రెండు గోడలకూ ఆనించి వేద్దామనుకుంటున్నాను.

కానీ చదివే కొద్దీ టెన్షన్ పెరుగుతోంది. ఒకరు హెచ్‌ఓ (అసలు రైలులో 87వ వంతు సైజు) తప్ప వేరేది వద్దంటారు. ఇంకొకరు డీసీసీ (పట్టాల ద్వారా ఒక్కో ఇంజనుకీ విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) లేకపోతే డబ్బు దండగంటారు. మార్కెట్లో దొరికే ట్రాక్ మన బ్రాడ్ గేజ్‌కి సరిపోదని కూడా చదివాను. అది చూశాక అసలు మొదలుపెట్టగలనా అని అనుమానం వచ్చింది.

బ్రిడ్జి మొత్తం పట్టదని తెలుసు. ఎన్ని ఆర్చ్‌లు వస్తాయి? హెచ్‌ఓ, దానికన్నా చిన్నదైన ఎన్, వీటిలో ఏ స్కేలు అయితే నయం? డీసీసీ ఇప్పుడే కొనాలా? టంకం పెట్టడం రాదు, అవసరమైతే నేర్చుకుంటాను. అందరూ అనుభవం ఉన్నవాళ్లు, మరీ మొదటి మెట్టు ప్రశ్నలు అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి.

కొలతేముఖ్యం, న్యూజెర్సీ

గేజ్ గురించి మీరు చదివింది నిజమే. మన బ్రాడ్ గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19.26 వస్తుంది. షాపులో దొరికే హెచ్‌ఓ ట్రాక్ 16.5. అది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్ కోసం చేసింది. మన ఇంజన్ని దాని మీద పెట్టి ఎదురుగా చూడండి, చక్రాలు లోపలికి ముడుచుకున్నట్టు కనిపిస్తాయి. నేను పట్టాలు చేత్తోనే వేస్తాను. పీసీబీ (రాగి పూత ఉన్న సర్క్యూట్ బోర్డు) ముక్కలు స్లీపర్లుగా కోసి, వాటి మీద కోడ్ 75 అనే కొలత పట్టాలు టంకంతో అతికి, చక్రాల జతల వెడల్పు మారుస్తాను. ఓపిక కావాలి, కానీ వచ్చే రూపం వేరు.

డీసీసీ మొదటి రోజు నుంచే పెట్టుకోండి. తర్వాత మారిస్తే రెండు ఖర్చులు. ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ అనే అమెరికా మోడల్ రైళ్ల సంఘం 1935 నుంచి కొలతలకు ప్రమాణాలు పెడుతూ వచ్చింది కాబట్టే ఈ రోజు ఒక కంపెనీ బండి ఇంకో కంపెనీ పట్టాల మీద నడుస్తోంది. కొలతలను తేలిగ్గా తీసుకోవద్దని నా మనవి.

షెడ్డుఫిట్టర్, కాజీపేట

అమ్మా, నేను కాజీపేట డీజిల్ షెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఉండగానే ఈ చిన్న రైళ్ల పిచ్చి పట్టింది. మీ ప్రశ్నకు నా జవాబు ఎన్ స్కేలు. ఎందుకో లెక్క చెప్తాను. టేపు పట్టుకుని మీరే సరిచూసుకోవచ్చు.

ఆ బ్రిడ్జికి 28 ఆర్చ్‌లు. ఒక్కొక్కటీ సుమారు 97 మీటర్లు. హెచ్‌ఓ అంటే 87వ వంతు కాబట్టి ఒక్క ఆర్చే మీటరు దాటిపోతుంది. ఎన్ అంటే 160వ వంతు. అందులో ఆర్చ్ 61 సెంటీమీటర్లు, అంటే సరిగ్గా రెండడుగులు. మీ షీటు పొడవు ఎనిమిదడుగులు. రెండు చివర్లా వంపులు పోను నేరుగా మిగిలేది అయిదడుగుల పైచిలుకు. ఎన్‌లో రెండు ఆర్చ్‌లు కొలతకు కొలత కూర్చుంటాయి. హెచ్‌ఓలో ఒక్కటి పట్టీ పట్టనట్టు ఉంటుంది, ఒక్క ఆర్చ్‌ని చూసి గోదావరి అని ఎవరూ అనరు.

వంపుల దగ్గర ఇంకా ముఖ్యమైన సంగతి ఉంది. వంపు వ్యాసార్ధం బోగీ పొడవుకు కనీసం రెండున్నర రెట్లు, వీలైతే మూడు రెట్లు ఉండాలి. అంతకన్నా తగ్గితే బోగీలు ఒకదాన్నొకటి పక్కకు తోసుకుంటాయి, వెనక్కి నడిపినప్పుడు పట్టా దిగుతాయి. మన రైళ్లలోని ఐసీఎఫ్ రకం బోగీ బఫర్ నుంచి బఫర్‌కి, అంటే ఈ చివర నుంచి ఆ చివరకి, 22.3 మీటర్లు. హెచ్‌ఓలో అది 256 మిల్లీమీటర్లు. మూడు రెట్లంటే 77 సెంటీమీటర్ల వ్యాసార్ధం, పూర్తిగా తిరిగి రావడానికి 154 సెంటీమీటర్ల వెడల్పు. మీ షీటు వెడల్పు 122. ఎన్‌లో అదే బోగీ 139 మిల్లీమీటర్లు, మూడు రెట్లు 42 సెంటీమీటర్లు. కాటో కంపెనీ అమ్మే యూనిట్రాక్ అనే రెడీమేడ్ ట్రాక్‌లో 381 మిల్లీమీటర్ల వంపు ముక్కలున్నాయి. మూడు రెట్లకు కాస్త తక్కువే అయినా పొడవు బోగీలు ఇబ్బంది లేకుండా తిరుగుతాయి.

షీటును మూలలో రెండు గోడలకూ ఆనించొద్దు. మనిషి చెయ్యి రెండున్నర అడుగులకు మించి అందదు. బండి పట్టా దిగేది ఎప్పుడూ ఆ అందని చోటే. ఒక అడుగు కోసేసి 8×3 చేయండి, 381 వంపు అందులో పడుతుంది. కాళ్లకు చక్రాలు వేయిస్తే కావలసినప్పుడు ముందుకు లాక్కోవచ్చు. మీ అబ్బాయి ఎత్తు చూసి కాళ్లు కోయించండి. బల్ల వాడి ఛాతీ దాకా వస్తే బండి కంటి ముందు నుంచి వెళ్తుంది.

ఇక గేజ్. న్యూజెర్సీ తమ్ముడి లెక్క అక్షరాలా నిజం. కానీ మిగతా దేశాల వాళ్లు ఏం చేస్తున్నారో కూడా ఈమెకు చెప్పాలి కదా. స్పెయిన్‌లో అసలు గేజ్ 1668, మనకు చాలా దగ్గర. అక్కడి ఎలక్ట్రోట్రెన్ కంపెనీ హెచ్‌ఓ బళ్లు 16.5 మీదే నడుస్తాయి. ఐర్లాండ్‌ది 1600, అక్కడా ఎక్కువమంది 16.5 మీదే నడుపుతారు, పట్టుదల ఉన్న కొద్దిమంది 21 మిల్లీమీటర్ల ట్రాక్ చేత్తో వేస్తారు. బ్రిటన్‌లో ఓఓ స్కేలు 76వ వంతు, ట్రాక్ మాత్రం ఇదే 16.5. అది ఇరుకని అక్కడి వాళ్లకూ తెలుసు. అందుకే 18.2 మిల్లీమీటర్ల ట్రాక్‌తో ఈఎమ్, 18.83తో పీ4 అనే పద్ధతులు పుట్టాయి. చేత్తో వేసేవాళ్లు వేస్తున్నారు, మిగతావాళ్లు హాయిగా రైళ్లు నడుపుతున్నారు. ఎన్‌లో మన బ్రాడ్ గేజ్ పదిన్నర మిల్లీమీటర్లు రావాలి, దొరికే ట్రాక్ తొమ్మిది. ఒకటిన్నర మిల్లీమీటర్ తేడా కోసం ఒక అమ్మ, ఒక కొడుకు పని మొదలుపెట్టకుండా ఆగిపోకూడదు. షెడ్‌కి కొత్తగా వచ్చిన అప్రెంటిస్‌కి మొదటి రోజే టర్బో విప్పమని ఎవరూ చెప్పరు. అనుభవం ఉన్నవాళ్లం మన దగ్గరున్నదంతా ఒకేసారి కుమ్మరించకుండా, ఎదుటివాళ్లకు రేపు పొద్దున అవసరమైంది ఇవాళ చెప్పాలి.

తమ్ముడి కొలతల పట్టుదల నాకూ ఇష్టమే. అది ఎక్కడ పెడితే బాగుంటుందో చెప్తాను. మీకు ముందు ముందు డబ్ల్యూడీఎమ్-2 డీజిల్ ఇంజను చేయాలనిపిస్తే దాని కింది ట్రక్కు, అంటే చక్రాలు, ఇరుసులు ఉండే చట్రం చూడండి. ఆ ఇంజను అమెరికాలోని ఆల్కో కంపెనీ డిజైన్. 1962లో దిగుమతి మొదలైంది, 1964 నుంచి వారణాసిలో తయారు చేశారు. ఆ ట్రక్కుకు మూడు ఇరుసులు, వాటి మధ్య దూరాలు సమానంగా ఉండవు. రెండు దగ్గరగా, ఒకటి ఎడంగా. మామూలు మూడిరుసుల ఛాసీ మీద డబ్ల్యూడీఎమ్-2 బాడీ పెడితే దాన్ని చూస్తూ పెరిగినవాళ్లకు ఏదో తప్పు ఉందని వెంటనే తెలిసిపోతుంది. అట్లాస్ కంపెనీ చేసిన ఆల్కో ఆర్‌ఎస్‌డి ఇంజన్ల మోడళ్ల కింద అదే జాతి ట్రక్కు ఉంటుంది. ఛాసీ అది తీసుకుని, బాడీ ప్రింట్ చేయించుకోవచ్చు. ఏళ్ల తరబడి ఆ ట్రక్కుల కింద పడుకుని పనిచేసినవాణ్ని, ఆ మూడు ఇరుసులు సరిగ్గా ఉంటే నాకు కడుపు నిండుతుంది.

డీసీసీ ఇప్పుడు వద్దు. ఒక ఇంజను, ఒక చుట్టు. 12 వోల్టుల మామూలు డీసీ కంట్రోలర్ చాలు. సెట్టు ధర చూసేటప్పుడు షిప్పింగ్, కస్టమ్స్ సుంకం కలిపి లెక్కేసుకోండి.

అలలపక్కరైలు, విశాఖపట్నం

అక్కా, నాదీ ఎన్ స్కేలే. కాజీపేట బాబాయ్ గారు చెప్పినదానికి రెండు మాటలు కలుపుతాను. ప్లైవుడ్‌కి పైనా కిందా, ముఖ్యంగా కోసిన అంచులకి ప్రైమర్ వేసేయండి. మా దగ్గర గాలిలో తేమకి చెక్క ఉబ్బి పట్టాల అతుకులు లేచిపోతాయి. హైదరాబాద్‌లో అంత ఉండదు కానీ వర్షాకాలం వర్షాకాలమే.

ఆర్చ్‌లు త్రీడీ ప్రింట్ చేయొచ్చు. ఇళ్లలో ఎక్కువగా ఉండే ప్రింటర్ల బెడ్ 22 సెంటీమీటర్లు. 61 సెంటీమీటర్ల ఆర్చ్‌ని మూడు ముక్కలుగా చేసి అతకాలి. అతుకు సరిగ్గా ఒక హ్యాంగర్ (ఆర్చ్ నుంచి కిందికి వేలాడుతూ వంతెనను మోసే నిలువు కడ్డీ) దగ్గర వచ్చేలా కోస్తే కనపడదు. హ్యాంగర్లు మాత్రం ప్రింట్ చేయకండి, విరిగిపోతాయి. సన్నటి గిటారు తీగ వాడండి.

డీసీసీ ఎప్పుడు కావాలన్నా, ఇంట్లోనే కూర్చుకునే డీసీసీ-ఈఎక్స్ ఉంది. ఆర్డుయినో మెగా అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు, ఒక మోటర్ షీల్డ్, ఉచిత సాఫ్ట్‌వేర్. వైఫై బోర్డు కలిపితే ఫోన్‌లో ఇంజన్ డ్రైవర్ యాప్‌తో నడపొచ్చు. ఈ చిన్న చుట్టుకి ఇప్పుడు వేసిన పట్టాలు, వైర్లు అలాగే పనికొస్తాయి. అందుకే రెండు ఖర్చులన్న మాటకు నేను ఒప్పుకోను. కొనే ఇంజను డీకోడర్ (డీసీసీ ఆదేశాలు అందుకునే చిన్న బోర్డు) పట్టే రకమా కాదా అన్నది ఒక్కటి చూసుకోండి, చాలు.

గోదారిగట్టు, హైదరాబాద్

అందరికీ చాలా థాంక్స్ అండీ. టేపు పెట్టి కొలిచాను, ఎన్ ఖాయం. కార్పెంటర్‌తో 8×3 కోయిస్తున్నాను.

బ్రిడ్జి మోడళ్ల వీడియోలు చూశాను. అందరూ కింద నీలం రంగు రెసిన్ పోస్తున్నారు. మా గోదావరి నీలంగా ఉండదు. వరదల్లో ఎర్రగా, మట్టి కలిసి ఉంటుంది. ఎండాకాలంలో ఇసుక తిన్నెలు తేలి, మధ్యలో పాయలు పారుతుంటాయి. నేను ఏప్రిల్ నెల గోదావరి చేద్దామనుకుంటున్నాను. వెనకాల పాత హేవలాక్ వంతెన రాతి స్తంభాలు కూడా చూపించాలి. అది లేకుండా ఆర్చ్ బ్రిడ్జిని నేనెప్పుడూ చూడలేదు. ఇసుక ఎలా అతికించాలి? కరెంటు వైర్లు ఎన్నిచోట్ల ఇవ్వాలి?

కొలతేముఖ్యం, న్యూజెర్సీ

ఏప్రిల్ గోదావరి అన్న ఆలోచన చాలా నచ్చింది. నేనూ నీలమే పోసేవాణ్ని, నాకు ఆ నది ఫోటోల్లో తప్ప తెలియదు. ఎన్ నిర్ణయం సరైనదే, మీ గది కొలతలతో చూస్తే నేనూ అదే అంటాను. ఈసారి ఊరెళ్లినప్పుడు ఒక సాయం చేయండి. గట్టు మీద నుంచి కనిపించినంతవరకు, స్తంభం మీద ఆర్చ్ కూర్చునే చోటు ఫోటోలు తీసి పెట్టండి. వాటిని బట్టి డ్రాయింగ్ నేను గీస్తాను, ముక్కలుగా ప్రింట్ చేసుకునేలా.

షెడ్డుఫిట్టర్, కాజీపేట

హేవలాక్ స్తంభాలు తప్పకుండా పెట్టండమ్మా. 1900 నుంచి 1997 దాకా, దాదాపు వందేళ్లు రైళ్లు మోసిన వంతెన అది. వెనక గోడ వైపు కొంచెం చిన్న కొలతలో చేస్తే దూరంగా ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇసుక నదిదే వాడొచ్చు. బాగా కడిగి, ఎండబెట్టి, టీ వడగట్టే జల్లెడలో జల్లించండి. ఆ తర్వాత ప్లాస్టిక్ కవర్లో చుట్టిన అయస్కాంతాన్ని దాంట్లో బాగా తిప్పండి. నల్లటి రేణువులు అంటుకుని వస్తాయి. వాటిని తీయకపోతే ఇంజను మోటరులోని అయస్కాంతం లాక్కుని గేర్లలోకి చేరతాయి. ఫెవికాల్‌కి సమానంగా నీళ్లు కలిపి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, ఇసుక పరిచాక డ్రాపర్‌తో వదలండి. ఆ లిక్విడ్ లేకపోతే జిగురు లోపలికి ఇంకకుండా పైన ముత్యాల్లా నిలుస్తుంది. పాయలకు ముందు ఆకుపచ్చ కలిసిన మట్టి రంగు, ఆరాక మెరిసే వార్నిష్ రెండు మూడు పూతలు.

కరెంటుకి ఇప్పుడు టంకం అక్కర్లేదు. యూనిట్రాక్‌లో వైరుతో వచ్చే జాయినర్లు దొరుకుతాయి. మీ చుట్టుకి ఎదురెదురుగా రెండు చోట్ల ఇవ్వండి. రెండు వైర్ల రంగులు రెండు చోట్లా ఒకే వైపు పట్టాకి వెళ్లాలి, తారుమారైతే షార్ట్ అవుతుంది. ఒక్కచోటే ఇస్తే దూరం వెళ్లే కొద్దీ అతుకుల్లో వోల్టేజీ తగ్గి ఇంజను నెమ్మదిస్తుంది. పట్టాలు నల్లబడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడవండి. సాండ్‌పేపర్ పెట్టొద్దు, ఆ గీతల్లో మురికి మళ్లీ త్వరగా పడుతుంది.

ఇసుక, జిగురు ముట్టుకోకముందే మొత్తం బోగీలు తగిలించి బండిని వెనక్కి నడపండి. ముందుకు బాగా వెళ్లే బండి కూడా వెనక్కి తోసినప్పుడు పట్టా దిగొచ్చు. అది ఎక్కడ దిగితే అక్కడ అతుకు మీద వేలు పెట్టి తడిమి చూడండి, ఎత్తుపల్లం తగులుతుంది. అబ్బాయిని కంట్రోలర్ దగ్గర కూర్చోబెట్టి మీరు వంపుల దగ్గర నిలబడండి. పట్టా దిగిన చోట ఎత్తుపల్లం తగలకపోతే ఆ చోటు ఫోటో పక్కనుంచీ పైనుంచీ తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.