72 అంగుళాల విల్లు కోసి పొట్టిగ చేస్తే స్పీడ్ పెరుగుతదా?

చిత్రిక_ఉప్పల్:
అన్నలూ ఒక డౌటు. తుమ్మ కర్ర మీద వెదురు బద్ద అతికించి విల్లు చేస్కున్న, మొత్తం 72 అంగుళాలు, మధ్యల 8 అంగుళాల పిడి అస్సలు వంగదు. నా డ్రా, అంటే బాణం గుంజే దూరం, 28 అంగుళాలు. లగేజీ తూకం హుక్కు తగిలించి 28 దాకా గుంజితే 35 పౌండ్లు చూపిస్తుంది. గుంజేటప్పుడు మస్తు స్మూత్‌గ ఉంది గానీ వదిలినంక బాణం సోమరిగ పోతుంది, 30 మీటర్లకి టార్గెట్ కన్నా చాన పైకి చూసి కొట్టాల్సొస్తుంది. తెలిసినాయన ఒకాయన రెండు పక్కల ఆరేసి అంగుళాలు కోసెయ్ మస్తు స్పీడ్ వస్తది అంటుండు. నిజమేనా? కోసినంక మళ్ల అతికేది ఉండదు కదా, అందుకే ముందుగాల అడుగుతున్న.

కూకట్‌పల్లి_విలుకాడు:
ముందు ఆ రంపం లోపల పెట్టేయండి బాబూ. ఇప్పుడు మీకు ఒక్కో పక్క వంగే భాగం 32 అంగుళాలు, ఆరు కోస్తే 26. పొడవు తగ్గేకొద్దీ గట్టితనం ఘనం లెక్కన పెరుగుద్ది, అంటే మీ 35 పౌండ్లు 60 దాటిపోద్ది, అది గుంజలేక మళ్లీ పలచగా చెక్కాలి. చెక్కినా సరే అంత పొట్టి బద్ద 28 దాకా వంగాలంటే పొట్ట వైపు (మన వైపు ఉండే లోపలి పక్క) కర్ర నలిగిపోయి, తాడు తీసేశాక కూడా విల్లు వంగిపోయే ఉంటది. అలా సెట్ పడ్డాక స్పీడ్ ఎక్కడిది? పైగా ఫుల్ డ్రాలో తాడుకీ విల్లు కొసకీ మధ్య కోణం 90 దాటిందంటే చివరి రెండంగుళాలు గోడని లాగినట్టుంటది, వేళ్లు కూడా నొక్కుకుపోతాయి. మామూలుగా డ్రాకి రెండింతలు, దాని మీద పదో వంతు వేస్తారు, వంగని పిడి ఉంటే అది అదనం. మీ లెక్కకి 68, 70 చాలు, 60 అయితే మాత్రం వద్దు.

గోల్కొండ_బొంగు:
పైన చెప్పింది కరెక్టే గానీ అసలు దొంగ కొసల్ల ఉన్నడు తమ్మీ. పొడుగు విల్లు ఎందుకు స్లో అంటే కదిలే బద్దల బరువు ఎక్కువ ఉంటది, కొసల దగ్గరి బరువు గుంజుకపోనీకే శక్తి ఖర్చయితది, బాణానికి మిగిలిందే వస్తది. చివరి 8 అంగుళాలు ఎంత వెడల్పు ఉంచినవ్? ఆకురాయితోని రెండు పక్కల నుంచి సన్నగ చెయ్యి, వెదురు పైపొర మాత్రం ముట్టకు, గీత పడ్డా అక్కడ్నే లేస్తది. వెడల్పు సగమైతే గట్టితనం సగమే అయితది, మందం సగం చేస్తే ఎనిమిదో వంతుకి పడ్తది, అందుకే మందం జోలికి పోకు. కొద్దిగ రాకుడు, మళ్ల వంపు చూసుడు. ఇంకోటి, బాణం ఎంత బరువు? విల్లు బలం ఒక్కో పౌండుకి 10 గ్రెయిన్లు (బాణం తూకం కొలత) అనుకుంటే నీకు 350, అంటే 22, 23 గ్రాములు. కిరాణా దుకాణంల తూకం వేయించుకో.

నిజాంపేట్_నాని:
మరి టర్కీ వాళ్లవి నాలుగడుగుల చుట్టుపక్కలే కదా భయ్యా, అవి ఎట్లా స్పీడు?

కూకట్‌పల్లి_విలుకాడు:
అవి ఉత్త కర్రవి కాదండి. పొట్ట వైపు కొమ్ము, వీపు వైపు (బయటి పక్క) పశువుల నరం. కొమ్ము నొక్కుడుకి, నరం లాగుడికి ఓరుస్తాయి, కర్ర అంత ఓర్వదు. ఉత్త కర్ర చూడాలంటే 1545లో మునిగిన ఇంగ్లండు ఓడ మేరీ రోజ్‌లో దొరికిన యూ అనే చెట్టు కర్ర విల్లులు చూడండి, ఆరున్నర అడుగులకి అటూ ఇటూ ఉంటాయి. వందకి పైన పౌండ్ల విల్లులు, బాణాలూ బరువైనవే, అందుకే అంత పొడవున్నా నష్టం లేదు. మన దేశం విల్లుల గురించి గ్రీకు ఆయన అరియన్ కూడా మనిషి ఎత్తు విల్లు అనే రాశాడు, నేల మీద ఆనించి ఎడమ కాలితో తొక్కి గుంజేవాళ్లంట. తేలిక బాణం వేసినప్పుడే కొసల బరువు బాగా తెలుస్తది.

చిత్రిక_ఉప్పల్:
దొరికింది! కార్బన్ బాణం వేస్తున్న, 16 గ్రాములే ఉంది. కొసలు కూడా బొటనవేలంత వెడల్పున్నయ్. తాడు తీసి గోడకి ఆనించి చూస్తే సెట్ ఒక అంగుళం లోపే. ఈ ఆదివారం కొసలు సన్నగ చేస్త, అప్పటికీ గిట్లనే ఉంటే పక్కకొక్క అంగుళం మాత్రమే తీస్త. ఓకేనా?

గోల్కొండ_బొంగు:
ఓకే. కోసినంక తాడు తగిలించనీకి కొత్త గాడి పెట్టి, మళ్ల టిల్లర్ (విల్లు పెట్టి గుంజి వంపు చూసే కట్టె) మీద సగం డ్రా నుంచి మెల్లగ గుంజుకుంట రా, ఒక్కసారే 28 దాకా పోకు. గీ ఎండలల్ల కార్ల వదిలిపెట్టకు, జిగురు కూడా లూజ్ అయితది.