ఆర్మీ లాయర్ అయితే మనసు చంపుకోవాల్సిందేనా?

మాది మిర్యాలగూడ దగ్గర. చెల్లె ఎల్‌ఎల్‌బీ అయిపోయింది, ఆర్మీ న్యాయ విభాగమైన జాగ్‌కు అప్లై చేస్తానంటోంది. నాయనేమో బత్తాయి తోటకు నీళ్లు కడుతూ కూడా "పై ఆఫీసర్ చెప్పిందే న్యాయమయ్యే చోట లాయరెందుకు బిడ్డా" అని ఒకటే గొణుగుడు. నిజంగా అంతేనా?

జవాబు 1: సగమే నిజం. ఆర్మీ యాక్ట్ 1950, సెక్షన్ 129 ప్రకారం జనరల్ కోర్ట్ మార్షల్‌లో, అంటే సైనిక కోర్టులో, చట్టం చెప్పే జడ్జ్ అడ్వకేట్ అనే ఆర్మీ లాయర్ ఉండి తీరాలి. తీర్పులో ఆయనకు ఓటు ఉండదు. కానీ ఎదురుగా తనకంటే సీనియర్లు కూర్చున్నా "ఈ సాక్ష్యం చెల్లదు సర్" అనాల్సింది ఆయనే, ఆ మాట రికార్డుకెక్కుతుంది.

జవాబు 2: హవల్దార్‌గా రిటైరయ్యా, మాది దేవరకొండ. ఓ కేసులో సాక్షిగా వెళ్తే, మీసాలు కూడా సరిగా రాని కుర్ర ఆఫీసరు జవాను ఒప్పుకోలు కాగితాన్ని వేలితో పక్కకు జరిపి, బెదిరించి రాయించింది పనికిరాదన్నాడు, గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత ఆయన ప్రమోషన్ ఏమైందో నన్నడగొద్దు.

జవాబు 3: జాగ్‌కు ఎల్‌ఎల్‌బీలో 55 శాతం, క్లాట్ పీజీ (లా పీజీ ఎంట్రన్స్) స్కోరు, ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్ల ఎంపిక ఇంటర్వ్యూ), ఆపై చెన్నైలో ట్రైనింగ్. జాగ్‌లో ఆడ, మగ వేరువేరు ఖాళీలను సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో కొట్టేసింది, చెల్లెకు ముందు ఆ సంగతి చెప్పు తమ్మీ.