వాటర్‌కలర్, అక్రిలిక్ వర్క్‌షాప్‌కి ఏ సామాను కొనాలి?

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. వేసవి సెలవుల్లో మా వీధి పిల్లలకీ, మేమూ నేర్చుకుంటామన్న పెద్దవాళ్ళకీ కలిపి పెయింటింగ్ వర్క్‌షాప్ పెడుతున్నాం. ఒకరోజు వాటర్‌కలర్, మర్నాడు అక్రిలిక్. ఇరవై మంది దాకా రావొచ్చు. సామానుకి బరంపురమో శ్రీకాకుళమో వెళ్ళాలి, లేదంటే ఆన్‌లైనే.

నా బెంగంతా కాగితం గురించే. మామూలు డ్రాయింగ్ షీటు తడి తగలగానే ముడతలు పడుతుంది, రెండోసారి బ్రష్ పెడితే నూగు లేస్తుంది. కాటన్ పేపర్ బేషుగ్గా ఉంటుంది గానీ ఇంతమందికి కొనలేం. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే మందపాటి) సెల్యులోజ్ పేపర్‌ని, అంటే కలప గుజ్జు కాగితాన్ని, ఏ5 సైజుకి కోసి, నాలుగంచులా మాస్కింగ్ టేప్ వేసిస్తే తడి మీద తడి రంగు వేసినా ఆగుతుందా? రంగులు ట్యూబులు కొననా, కేకులా (గట్టి రంగు బిళ్ళలు)? పిల్లలకి కేకులే నయమేమో, ట్యూబు చేతికిస్తే సగం ఒక్కసారే పిండేస్తారు!

అక్రిలిక్‌కి చిన్న కాన్వాస్ బోర్డులు చాలనుకుంటున్నా. కానీ మే నెల ఎండలకి రంగు ప్లేటులోనే గట్టిపడిపోతుంది. రిటార్డర్ (రంగు తొందరగా ఆరకుండా కలిపేది) కొనాలా, మధ్యమధ్య నీళ్ళు చిలకరిస్తే సరిపోతుందా? బ్రష్‌లు మాత్రం రెండింటికీ వేరువేరుగా, సింథటిక్‌వే తీసుకుంటాను. గుండ్రటివి, ఫ్లాట్‌వి ఏ నంబర్లు తేవాలో పిల్లలకి నేర్పిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.