గాలికి రాలిన మామిడికాయలతో ఏం చేస్తారు?

పెరటిచెట్టు: మా పెరట్లో ఒకటే చెట్టు, చిన్న రసం. నిన్న సాయంత్రం గాలివానకు బుట్టెడు కాయలు రాలిపోయాయి. సగానికి ఇంకా టెంక కట్టలేదు, ఆవకాయకు పనికిరావు. పారేయడానికి మనసొప్పడం లేదు. మీ ఇళ్లలో ఏం చేస్తారో చెప్పండి.

కోనసీమ కోడలు: ముందు సొన సంగతి చూడండి. తొడిమ దగ్గర కోసి, కాయల్ని అరగంట నీళ్లలో వేయండి. సొన తగిలితే చర్మం పొక్కుతుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. దెబ్బ తగిలిన చోట కాయ త్వరగా కుళ్లుతుంది, అక్కడివరకు కోసేసి ఇవాళే వాడేయండి. లేతకాయలో జీడి, అంటే లోపలి లేత గింజ, తీయకపోతే కూర చేదెక్కుతుంది.

పెరటిచెట్టు: థాంక్సండీ. పప్పులో వేస్తే నాకెప్పుడూ పప్పు పలుకుగానే ఉండిపోతుంది. ఎందుకంటారు?

కోనసీమ కోడలు: ముక్కలు, పప్పు కలిపి ఉడికిస్తున్నారేమో. పులుపు తగిలితే కందిపప్పు మెత్తబడదు. పప్పు ఉడికాక ముక్కలు, పచ్చిమిర్చి వేసి, ముక్క మెత్తబడేదాకా ఉంచండి. ఉప్పు చివర్లో.

వరంగల్ వంటిల్లు: మేము కుక్కర్లోనే ముక్కల్ని వేరే గిన్నెలో పెడతాం, ఒకేసారి అయిపోతుంది. మీ లేతకాయలకు మా పచ్చిపులుసు బాగుంటుంది. కాయను నిప్పుల మీద, లేదంటే గ్యాస్ మంట మీదే తొక్క నల్లబడేదాకా కాల్చండి. తొక్క తీసి గుజ్జును నీళ్లలో పిసికి ఉల్లిపాయ, కాల్చిన పచ్చిమిర్చి, ఉప్పు, కొంచెం బెల్లం కలిపి పోపు పెట్టండి. పొయ్యి మీద కాగబెట్టే పనే లేదు. ఎండల్లో అన్నం సయించనప్పుడు మా నాన్న ఇదొక్కటి ఉంటే చాలనేవారు.

నెల్లూరు పులుసు: చేపల పులుసులో వేసుకోండి! చింతపండు తగ్గించి, పులుసు మరిగాక ముక్కలు వేయాలి. ముందే వేస్తే చెదిరిపోతాయి. మర్నాటికి ఇంకా బాగుంటుంది.

కోనసీమ కోడలు: ఈ రోజుల్లోనే లేత పనసకాయ కూడా దొరుకుతుంది, అది వదలకండి. మా వైపు సంతలో సన్నగా పొట్టులా కొట్టి అమ్ముతారు. ఇంట్లో కొట్టాలంటే చేతికీ కత్తికీ నూనె రాయాలి, లేకపోతే జిగురు వదలదు. పసుపు వేసి ఉడికించి, నీళ్లు పిండి, పోపులో వేసి చింతపండు రసం పోయండి. ఆవ, అంటే నూరిన ఆవాల ముద్ద, మాత్రం కూర దించి, చల్లారాకే కలపాలి. వేడి మీద కలిపితే చేదు. నేను పెళ్లయిన కొత్తలో అలా పాడుచేస్తే, అత్తయ్య ఏమీ అనకుండా మర్నాడు పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ చేయించారు.

పెరటిచెట్టు: ఎంత బాగా చెప్పారండీ. పప్పూ పచ్చిపులుసూ అయినా ఇంకా సగం బుట్ట మిగిలేలా ఉంది.

వరంగల్ వంటిల్లు: ఒరుగులు పెట్టండి. టెంక కట్టినవి ఏరి, పొడుగు ముక్కలు కోసి, ఉప్పు, పసుపు పట్టించి ఒక రాత్రి ఉంచండి. తర్వాత గలగలలాడేదాకా ఎండబెట్టండి. వానాకాలంలో పప్పులో నాలుగు ముక్కలు వేస్తే చింతపండు అక్కర్లేదు.

పెరటిచెట్టు: పెట్టేశానండీ! పచ్చిపులుసు అమ్మకు ఎంత నచ్చిందో, రెండుసార్లు వడ్డించుకుంది. కానీ మేడ మీద ఆరబెట్టిన ముక్కలు మెత్తగానే ఉన్నాయి, మళ్లీ మబ్బు పట్టింది. టెన్షన్‌గా ఉంది.

వరంగల్ వంటిల్లు: లోపలికి తెచ్చేయండి. కుప్పగా వేయకుండా పలుచగా పరిచి ఫ్యాన్ వేయండి, తడి ఉంటే బూజు పడుతుంది. రేపు ఎండ రాగానే మళ్లీ పైకి.