ముద్రిత బీల్‌స్టైన్, కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్: ఉంచాలా, తూకానికి వేసేయాలా?

లైబ్రరీ_బల్ల: విశ్వవిద్యాలయ రసాయన విభాగం లైబ్రరీలో రీడింగ్ రూమ్‌కి చోటు కావాలి. ఒక గోడంతా బీల్‌స్టైన్ (కర్బన సమ్మేళనాల జర్మన్ గ్రంథమాల) నాలుగో కూర్పు, ఎదురు గోడంతా రసాయన పరిశోధనల సారాంశాలిచ్చే కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద 2025 నుంచి జర్నల్స్ వస్తున్నాయి. రియాక్సిస్, సైఫైండర్ రసాయన డేటాబేస్‌లు, జర్నల్స్ కావు కాబట్టి వాటి చందా మనమే కట్టుకోవాలి. రెండిట్లో ఒక్కదానికే డబ్బుంది, రియాక్సిస్ వైపు మొగ్గుతున్నాం. అది వస్తే రెండు గోడలూ ఖాళీ చేసెయ్యొచ్చా?

రిఫ్లక్స్: నిక్షేపంగా చెయ్యండి. బీల్‌స్టైన్ ముద్రణ 1998లోనే ఆగింది. 2009లో వచ్చిన రియాక్సిస్‌లో దాని డేటా 1771 నాటి పరిశోధనల నుంచీ ఉంది. అబ్‌స్ట్రాక్ట్స్ కూడా 2010 నుంచి అచ్చులో రావడం లేదు. ఇప్పటి పిల్లలు నిర్మాణం గీసి వెతుకుతారు. అచ్చు సూచికలో పేరుతో వెతికితే చేతికేమీ దొరకదు: 1972లో మొదలైన తొమ్మిదో కలెక్టివ్ ఇండెక్స్ (అయిదేళ్ల ఉమ్మడి సూచిక) నుంచి అనిలీన్ ‘బెంజీనమీన్’ కిందకీ, అసిటోన్ ‘2-ప్రొపనోన్’ కిందకీ పోయాయి. ఏ పేరు దేని కిందకి మారిందో చెప్పే ఇండెక్స్ గైడ్ చూడని వాడు అనిలీన్ మీద ఎవరూ పనే చెయ్యలేదనుకుంటాడు.

పాత_కండెన్సర్: రిఫ్లక్స్ గారూ, మీరు రెండు గోడల్నీ ఒకే గాటన కడుతున్నారు. రియాక్సిస్ బీల్‌స్టైన్‌కి వారసురాలు. అబ్‌స్ట్రాక్ట్స్‌కి వారసుడు సైఫైండర్. రియాక్సిస్ కొని అబ్‌స్ట్రాక్ట్స్ పారేస్తే, ఏ డేటాబేస్ అయితే మీ దగ్గర లేదో సరిగ్గా దాని అచ్చు ప్రతినే వదులుకున్నట్టు.

పాత థీసిస్‌లలోని ఉదహరింపుల సంగతీ ఆలోచించండి. 1967కి ముందు సంపుటం పక్కనుండే సంఖ్య కాలమ్ సంఖ్య, దాని చివరి గుర్తు ఆ కాలమ్‌లో ఎంత కిందకి చూడాలో చెబుతుంది. 1967 నుంచి ప్రతి సారాంశానికీ సొంత సంఖ్య వచ్చింది, చివరి అక్షరం సరిచూసుకోడానికి మాత్రమే. దొరకని రష్యన్, జపనీస్ వ్యాసాలకి చాలాసార్లు ఆ సారాంశమే దిక్కు. ఉంచితే సూచికలతో సహా ఉంచండి, అవి లేని సారాంశాలు ఎందుకూ కొరగావు.

లైబ్రరీ_బల్ల: మరి బీల్‌స్టైన్? జర్మన్ చదివేవాళ్లు లేరండీ.

పాత_కండెన్సర్: ద్రవీభవన, మరిగే స్థానాల్లాంటి స్థిరాంకాలకి జర్మన్ రానక్కర్లేదు. ఫార్ములా సూచికలో హిల్ క్రమంలో వెతకాలి: ముందు కార్బన్, తర్వాత హైడ్రోజన్, మిగతావి అక్షర క్రమంలో. బెంజాల్డిహైడ్ అయితే సి7హెచ్6ఓ. అక్కడ మూల గ్రంథంలోని సంపుటం, పుట దొరుకుతాయి. తర్వాత వచ్చిన అనుబంధాల్లో అదే సంపుటం తీసి, పుట తలమీద వేసిన మూల గ్రంథపు పుట సంఖ్యని బట్టి చేరుకోవచ్చు. సంపుటాలు 1 నుంచి 4 అచక్రీయ (వలయం లేని) సమ్మేళనాలు, 5 నుంచి 16 కార్బన్ వలయాలు, 17 నుంచి 27 విషమ వలయాలు (కార్బన్‌తో పాటు వేరే పరమాణువులూ ఉన్నవి). 1960–79కి చెందిన ఐదో అనుబంధం ఎలాగూ ఇంగ్లీషులోనే ఉంది.

పిల్లలు బోల్తాపడేది సంక్షిప్తాల దగ్గర. ‘ఎఫ్’ ద్రవీభవన స్థానం, ‘కేపీ’ మరిగే స్థానం, దాని కింద చిన్నగా ఉన్న అంకె పీడనం. బెంజాల్డిహైడ్‌కి 62 డిగ్రీలని కనిపిస్తే అది 10 మిల్లీమీటర్ల దగ్గర. మామూలు పీడనంలో 179. ‘ఏ’ అక్షరం ఒంటరిగా ఉంటే ఆల్కహాల్, దానిమీద రెండు చుక్కలుంటే ఈథర్. ఆ చుక్కలు చూడకపోతే స్ఫటికీకరణకి తప్పు ద్రావణి పోస్తారు.

రిఫ్లక్స్: ఇదంతా నేర్పే ఓపిక ఏ గైడ్‌కుంది? ఎమ్మెస్సీ స్థాయికి ఆర్గానిక్ సింథసిసె‌స్ అనే తయారీ విధానాల సంకలనం ఉచితం, 1921 నుంచీ ఉంది. ప్రతి విధానాన్నీ సంపాదక మండలి సభ్యుడి ల్యాబ్‌లో మళ్లీ చేసి చూశాకే అచ్చేస్తారు. స్పెక్ట్రాలకి జపాన్ వాళ్ల ఎస్‌డీబీఎస్, స్థిరాంకాలకి నిస్ట్ వెబ్‌బుక్, మిగతాదానికి పబ్‌కెమ్. చాలవా?

టీఎల్‌సీ_చుక్క: ప్రాక్టికల్స్‌కి చాలు, థీసిస్‌కి చాలవు. పబ్‌కెమ్‌లో లేదంటే సమ్మేళనం కొత్తదని కాదు. పైగా లవణానికి సీఏఎస్ సంఖ్య (ప్రతి పదార్థానికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) వేరు: అనిలీన్ 62-53-3, దాని హైడ్రోక్లోరైడ్ 142-04-1. ఒక్క సంఖ్యతో వెతికి ‘సమాచారం లేదు’ అని రాసేస్తుంటారు. పేటెంట్లు ఇంకా చిక్కు. ఆర్ గుంపులతో (మార్చుకోగల భాగాలతో) గీసిన ఒక్క సాధారణ నిర్మాణం కింద వేల సమ్మేళనాలుంటాయి, పేరుతో వెతికితే ఒక్కటీ తగలదు. హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో చేరబోయే వాళ్లకి ఆ వెతుకులాట రావాలి. నన్నడిగితే సైఫైండరే కొనండి, బీల్‌స్టైన్ ఉంచండి, అబ్‌స్ట్రాక్ట్స్ తీసెయ్యండి.

పాత_కండెన్సర్: లెక్క సరిపోయింది. కాకపోతే ఏది కొన్నా మొదటి ఏడు ఏదీ తూకానికి వెయ్యొద్దు. జర్నల్ చందాల్లో కట్టిన ఏళ్ల సంచికలు తర్వాత కూడా తెరుచుకునేలా ఒప్పందం రాయించుకోవచ్చు. డేటాబేస్ చందా ఆగిన మర్నాడు మిగిలేది లాగిన్ పేజీ. రెన్యూవల్‌కి నిధులు మంజూరయ్యాకే పుస్తకాలు నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టర్‌లో కొట్టెయ్యండి.

రిఫ్లక్స్: అప్పటిదాకా రీడింగ్ రూమ్ వరండాలో పెట్టుకోమంటారా?

లైబ్రరీ_బల్ల: అబ్‌స్ట్రాక్ట్స్‌ని సూచికలతో సహా గోదాముకి పంపి ఆ గోడ మాత్రం ఖాళీ చేస్తాం. సైఫైండర్‌కి కూడా కొటేషన్ అడుగుతున్నాను.