పాపీ లైబ్రరీ: సిస్టమ్‌తో వచ్చిన వెర్షనా, సొంతంగా బిల్డ్ చేసిందా?

తొలిఅడుగు: కొత్త మెషిన్ మీద క్యాష్ మిస్సులు (కావాల్సిన డేటా ప్రాసెసర్ దగ్గరి చిన్న మెమరీలో దొరకని సార్లు) లెక్కపెట్టాలని పాపీ (PAPI, ప్రాసెసర్ లోపలి కౌంటర్లు చదివే లైబ్రరీ) వాడుతున్నాను. కోడ్ కంపైల్ అవుతోంది, రన్ చేస్తే పాపీని మొదలుపెట్టే ఫంక్షన్ పాపీ_లైబ్రరీ_ఇనిట్ దగ్గరే వెర్షన్ కలవలేదని ఆగిపోతోంది. సిస్టమ్‌లో 5.7 ఉంది, నేను బిల్డ్ చేసింది 7.1. ఏది ఉంచను?

మెషిన్‌గది: 7.1. కంపైల్‌కి హెడర్ ఫైళ్ల దారి కొత్తదానికి ఇచ్చి లైబ్రరీ దారి ఇవ్వడం మర్చిపోయి ఉంటారు, ఎల్‌డీడీ (ప్రోగ్రామ్ ఏ లైబ్రరీని తీసుకుంటోందో చూపే కమాండ్) కొట్టి చూడండి. పాపీ లోపలే లిబ్‌పీఎఫ్ఎమ్4 అనే ఇంకో లైబ్రరీ ఉంటుంది, ఏ ప్రాసెసర్‌లో ఏ ఈవెంట్లున్నాయో (ఏమేం లెక్కపెట్టొచ్చో) దానికే తెలుసు. 5.7 వచ్చింది 2019లో, మీ ప్రాసెసర్ ఆ తర్వాతది అయితే పాతదానితో ప్రీసెట్లు (పాపీ సిద్ధంగా ఇచ్చే ఈవెంట్ పేర్లు) దొరకవు.

పాతకాపు: నడుస్తున్నదాన్ని కదపకండి. నేను 5 నుంచి 6కి మారితే పాపీ_స్టార్ట్_కౌంటర్స్ ఫంక్షన్ అసలు లేకుండా పోయింది. కోడంతా తిరగరాసుకున్నాను.

మెషిన్‌గది: పోయింది పాత హైలెవెల్ (సులువుగా వాడే) ఫంక్షన్లే. పాపీ_యాడ్_ఈవెంట్, పాపీ_స్టార్ట్ అలాగే ఉన్నాయి. ఆయన అడిగింది అది కాదు.

దారినపోయే: పర్ఫ్_ఈవెంట్_పారనాయిడ్ (కౌంటర్లు ఎవరు చదవొచ్చో చెప్పే లినక్స్ సెట్టింగ్) ఎంతుందో చూశారా?

మెషిన్‌గది: అది పర్మిషన్ల సంగతి, వెర్షన్ తప్పుకి దానితో పని లేదు.

పాతకాపు: తిరగరాసిన రాత్రులు నావి, మీవి కావు.

మెషిన్‌గది: ప్రతి థ్రెడ్‌లో ఇదే పాట. కొత్త ప్రాసెసర్‌ని పాత లైబ్రరీ ఎలా కొలుస్తుందో ఒక్కసారైనా చెప్పారా?

పాతకాపు: సరే, అసలు విషయం చెబుతాను. పాపీ_ఎల్2_టీసీఎమ్ (రెండో స్థాయి క్యాష్ మిస్సులు) అన్నది పేరు మాత్రమే, దాని వెనక ఉండేది ఆ ప్రాసెసర్ సొంత ఈవెంట్. లైబ్రరీ మారితే ఆ జత కూడా మారొచ్చు. వెర్షన్ మార్చాక నా మిస్సులు పెరిగినట్టు కనిపించాయి, కోడ్‌లో ఒక్క అక్షరం ముట్టలేదు. నంబర్లు తారుమారు చేశానని నలుగురిలో అన్నారు. ఆ మాట ఇంకా మర్చిపోలేదు.

మెషిన్‌గది: ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత గొడవ పడేవాణ్ని కాదు. ఆ అన్నవాళ్లది తప్పే. కానీ దానికి మందు పాత వెర్షన్ కాదు. పాపీతో వచ్చే పాపీ_అవైల్ కమాండ్‌కి మైనస్ ఈ పెట్టి ఈవెంట్ పేరిస్తే వెనకున్నదేదో చూపిస్తుంది. ఆ అవుట్‌పుట్‌ని ఫలితాల పక్కనే దాచండి.

పాతకాపు: దాస్తే తేడా ఎందుకొచ్చిందో తెలుస్తుంది, పాత నంబర్లు మాత్రం పోల్చడానికి పనికిరావు. పాత మెషిన్ మీద కూడా 7.1 వేసి మళ్లీ కొలవాలి. ఆ పాత మెషిన్ అందరికీ దొరుకుతుందా?

తొలిఅడుగు: ఎల్‌డీడీలో 5.7 అనే వచ్చింది, లైబ్రరీ దారి సరిచేశాక ఇనిట్ దాటింది. పాత మెషిన్ ఇంకా నా దగ్గరే ఉంది, వచ్చే వారం తీసేస్తారు. ఈ రాత్రే దాని మీద 7.1 బిల్డ్ పెడుతున్నాను.