యానాంలో పెళ్లయిన తాతమ్మ పుట్టింటివారి వివరాలు కనుక్కోవడం ఎలా?

ప్రశ్న (పిఠాపురం మనవరాలు)

నమస్కారం. మా అమ్మమ్మకు తల్లి, మేమంతా తాతమ్మ అని పిలుచుకున్న ఆవిడ, 1986లో పోయారు. ఆవిడ మెట్టినింటివారి ఇంటిపేరు, గోత్రం, మూడు తరాల పేర్లు మా దగ్గర పదిలంగా ఉన్నాయి గాని, పుట్టింటివారు ఎవరో చెప్పగలవారు ఇప్పుడు ఇంట్లో ఒక్కరూ లేరు. "మాది యానాం" అని ఆవిడ అనేవారని అమ్మకు గుర్తు. పెళ్లి కూడా ఆవిడ పదకొండో ఏట, 1934లో, యానాంలోనే జరిగింది. సారెలో తెచ్చుకున్న ఇత్తడి బిందె మెడ మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన "కో. వెం." అనే అక్షరాలు కనిపిస్తున్నాయి, ఆ తరువాతి అక్షరం ఉన్నచోట సొట్ట పడింది. అప్పటి ఫ్రెంచి రికార్డుల్లో ఆవిడ పుట్టుక నమోదు దొరుకుతుందా?

జవాబు (గౌతమి ఒడ్డు)

దొరకవచ్చు. ఫ్రెంచి హయాంలో జనన, మరణ, వివాహ నమోదు మేరీ, అంటే అక్కడి మునిసిపాలిటీ, చేతిలో ఉండేది. వలసల్లో రాసిన రిజిస్టర్ల ప్రతి ఒకటి ఫ్రాన్సుకు పంపాలని 1776లోనే రాజశాసనం ఉన్నందున, పాత పుస్తకాల ప్రతులు ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లోని విదేశీ భూభాగాల జాతీయ అభిలేఖాగారానికి చేరాయి. పుట్టుక పత్రంలో పుట్టిన గంటతో సహా తండ్రి పేరు, వయసు, వృత్తి, తల్లి పేరు, సాక్షుల పేర్లు రాస్తారు. తేదీలను అంకెల్లో గాక అక్షరాల్లో రాస్తారు కాబట్టి 1923 అనే అంకె కోసం వెతికితే కనబడదు. పదేళ్లకొకసారి తయారుచేసిన పేర్ల పట్టికలతో మొదలుపెట్టండి. మన సుబ్బమ్మను వాళ్లు ఎస్ పక్కన ఓ, యూ రెండూ పెట్టి రాస్తారన్నది గుర్తుంచుకోండి.

ఆడవారి వంశం వెతికేవారికి ఈ కాగితాల్లో ఒక మేలు ఉంది. మనవైపు పెళ్లితో ఇంటిపేరు మారిపోతుంది, రెండు తరాలు గడిచేసరికి పుట్టింటి పేరు ఊసే ఉండదు. ఫ్రెంచి చట్టం మాత్రం 1794 నుంచి పుట్టినప్పటి పేరే మనిషి అసలు పేరని పట్టుబట్టింది. అందుచేత ఆ పద్ధతిలో ఎనభై ఏళ్ల ముత్తైదువ మరణ పత్రం కూడా ఆమెను ముందుగా ఫలానా వారి కూతురుగానే చూపిస్తుంది.

జవాబు (పాత దస్తావేజు)

పై మిత్రులు చెప్పింది సరైనదే గాని, 1934 అన్న సంవత్సరం, పదకొండేళ్ల వయసు చూడగానే నాకు వేరే అనుమానం వచ్చింది. బ్రిటిషు ఇండియాలో శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చి, పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేస్తే శిక్ష అన్నది. ఆ చట్టం ఫ్రెంచి యానాంకు వర్తించదు. హిందువుల పెళ్లిళ్లను అక్కడ వారి ఆచారానికే వదిలిపెట్టారు. అందుకని చుట్టుపక్కల జిల్లాలవారు పిల్లలను వెంటబెట్టుకుని యానాం వెళ్లి మూడుముళ్లు వేయించి వచ్చేవారు. ఆ ఊరికి కల్యాణపురమనే పేరు కూడా ఉంది. కాబట్టి మీ తాతమ్మగారు పెళ్లి జరిగిన ఊరిని తమ ఊరుగా చెప్పుకున్నారేమో, లేక వింటున్న మీ అమ్మగారికి అలా గుర్తుండిపోయిందేమో ముందు తేల్చుకోండి. అది తేలకుండా ఫ్రెంచి పుస్తకాలు తిరగేస్తే నెలల శ్రమ వృథా కావచ్చు.

జవాబు (రామచంద్రపురం)

అమ్మా, అంత దూరం వెళ్లేముందు ఇంటి దగ్గరే ఒకచోట చూడండి. ఆవిడకు కొడుకులు ఉన్నారా? మహాలయ పక్షాల్లో గాని, గోదావరి పుష్కరాల్లో గాని పిండప్రదానం చేసే కొడుకు తన తండ్రివైపువారితో పాటు మాతామహుడు, ఆయన తండ్రి, తాతల పేర్లు గోత్రంతో సహా చెప్పాలి. మగవారి వంశావళి మాత్రమే ఉందని మనం అనుకునే ఆ చీటీలోనే తల్లి పుట్టింటివారు మూడు తరాల మేర ఉంటారు. ఆవిడ పోయాక వచ్చినవి 1991 పుష్కరాలు; అప్పుడు రాసుకున్న కాగితం ఏ పెట్టెలోనైనా ఉందేమో అడగండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మా అమ్మమ్మ పెద్దన్నగారి ఇంట్లో పంచాంగం మధ్య మడిచిపెట్టిన చీటీ దొరికింది. తాతమ్మ తండ్రి పేరు వెంకటరత్నం అని, గోత్రం భారద్వాజసమని అందులో ఉంది, బిందె మీది "వెం." దానితో సరిపోయింది. ఇంటిపేరులో "కో" తరువాతి అక్షరాలను చెదలు తినేశాయి. కింద పెన్సిలుతో "ఇంజరం" అని రాసి ఉంది. అది యానాంకు ఆనుకునే ఉన్నా బ్రిటిషు వారి ఊరు, ఒకప్పటి ఇంగ్లీషు కంపెనీ బట్టల వర్తక స్థావరం. ఫ్రెంచివారి జనన పుస్తకాల సంగతి ప్రస్తుతానికి పక్కనపెట్టి, గ్రామ మునసబులు రాసిన జనన రిజిస్టర్ల కోసం వెతుకుతాను. పిల్లకు ఇంకా పేరు పెట్టకముందే రాసే పుస్తకాలు కాబట్టి, అందులో ఆవిడ పేరు గాక "వెంకటరత్నం, ఆడపిల్ల" అన్న వరుస కోసం చూడాలనుకుంటున్నాను. ఇంజరం ప్రాంతంలో "కో"తో మొదలయ్యే ఇంటిపేర్లు ఎవరికైనా తెలిస్తే దయచేసి ఇక్కడ రాయండి.